కన్వెన్షన్ సెంటరు వల్ల ఊరికి వచ్చేదెంత?

(గోదావరి డెల్టాలోని ఒక పట్టణంలో, వర్తక సంఘం వార్షిక సభలో ఒక విశ్రాంత అర్థశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికి, వేదిక మీదున్న పెద్దలకు, బియ్యం మిల్లర్లకు, హోటళ్ల యజమానులకు, వెనక వరసలో కూర్చున్న నా పాత విద్యార్థులకు నమస్కారం. మన సభల్లో శాలువాలు, పూలదండలు పూర్తయ్యేసరికి వక్తకు పావుగంటే మిగులుతుందని నాకు తెలుసు. అందుకే నాకు కప్పదలచిన శాలువాను ముందుగానే వద్దన్నాను. ఆ సమయం కూడా మాటలకే వాడుకుంటాను, మన్నించండి.

ఈ సాయంత్రం మీరు ఆమోదించబోయే తీర్మానం ప్రతిని కార్యదర్శిగారు మూడు రోజుల క్రితం నాకు పంపారు. కాలువ గట్టు పక్కనున్న ప్రభుత్వ స్థలంలో, రెండు వేల మంది కూర్చోగల కన్వెన్షన్ సెంటరును ప్రజాధనంతో కట్టించాలని అందులో కోరారు. ఆ కోరికతో నాకు పేచీ లేదు. అయితే రెండో పేరాలో, ఆ సెంటరుకు వచ్చేవారు ఖర్చుపెట్టే ప్రతి రూపాయికీ పట్టణంలో రెండు రూపాయల నలభై పైసల ఆదాయం పుడుతుందని రాశారు. ఇలాంటి అంకెను గుణకం అంటారు. ఆ 2.4 నాకు పాత పరిచయం. దానితో నాకు చాలా ఏళ్లుగా ఒక తగాదా ఉంది. ఆ తగాదా చెప్పుకోవడానికే ఈ సభకు ఒప్పుకున్నానని దాచకుండా చెబుతున్నాను.

ముందు మన నేల మీద జరిగిన లెక్కతో మొదలుపెడతాను. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. ఆర్థర్ కాటన్ విగ్రహానికి ఏటా దండలు వేస్తాం కాని, ఆనకట్టకు అనుమతి రాబట్టడానికి ఆయన చేసిన వాదన ప్రధానంగా లెక్కల వాదన అన్న సంగతిని అంతగా తలచుకోం. పెట్టుబడి ఎంత, దాని మీద సర్కారుకు తిరిగి వచ్చేది ఎంత అన్నదే ఆనాటి చర్చ. ఇప్పుడు ఒక చిక్కు చూడండి. 1832-33లో నందన నామ సంవత్సరపు కరువు వచ్చింది. 1839లో కోరంగి ఉప్పెన వచ్చింది. ఆ దెబ్బలు తిన్న జిల్లా శిస్తును మొదటి గీతగా పెట్టుకుని, ఆనకట్ట తర్వాతి శిస్తును దాని పక్కన నిలబెడితే, పెరిగినదంతా ఆనకట్ట ఖాతాలో పడుతుంది. అందులో కొంత కరువు తీరినందువల్ల ఎలాగూ పెరిగేదే. ఆనకట్ట ఈ డెల్టాకు ప్రాణం పోసిందనడంలో నాకు రవ్వంత అనుమానం లేదు, కంగారుపడకండి. ఏ సంవత్సరంతో పోలుస్తున్నామన్నదే నా ప్రశ్న. కరోనా కాలంలో, 2020లోను 2021లోను, మన ఫంక్షన్ హాళ్లకు నెలల తరబడి తాళాలు పడ్డాయి. ఆ సంవత్సరాలతో పోలిస్తే ఏ హాలు కట్టినా అద్భుతంగానే కనిపిస్తుంది.

అసలు పోలిక నిన్నటికీ నేటికీ మధ్య కాదు. సెంటరు ఉన్న ఊరికీ, అదే కాలంలో అది లేకపోయి ఉంటే ఉండే ఊరికీ మధ్య పోలిక. ఆ రెండో ఊరు కంటికి కనిపించదు, దాన్ని ఊహించి లెక్కగట్టాలి. కష్టమంతా అక్కడే ఉంది. అబద్ధాలకు చోటు దొరికేదీ అక్కడే.

ఇక నా తగాదా. చాలా ఏళ్ల క్రితం, డెల్టాలోనే మరో ఊళ్లో ప్రదర్శనశాల ప్రతిపాదన వచ్చినప్పుడు, ఆర్థిక ప్రభావ నివేదిక తయారుచేస్తున్నవారు నా సలహా కోరారు. ఎవరో చెప్పను, చెప్పడం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. వచ్చేవారిలో బయటివారిని, స్థానికులను ఎలా విడదీయాలో, ఏయే ప్రశ్నలు ఏ క్రమంలో అడగాలో వివరిస్తూ పదకొండు పేజీలు నా చేతిరాతతో ఇచ్చాను. ఆరు నెలలకు అచ్చయిన నివేదిక వచ్చింది. ముందుమాటలో నాకు కృతజ్ఞతలు చెప్పారు. నా పదకొండు పేజీల్లో ఒక్క వాక్యమూ లోపల లేదు. చివర ఒక పట్టికలో గుణకం 2.4 అని వేశారు. అది ఎలా వచ్చిందో చూద్దామని ఆ పట్టికను వరసవారీగా చదివాను. ప్రదర్శనశాలకు వచ్చేవారి కొనుగోళ్ల వల్ల లాభపడే స్థానిక రంగాల జాబితాలో వరి ఉంది, కొబ్బరి ఉంది, ఆ కింద ద్రాక్ష తోటలు ఉన్నాయి.

ద్రాక్ష తోటలు! వరి, కొబ్బరి, అరటి, చేపల చెరువులు, రొయ్యల చెరువులు తప్ప మరొకటి కనిపించని ఈ బాడవ నేలలో ద్రాక్ష తోటలు ఎవరివని నేను ఫోనులో అడిగాను. అవతలివారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, అది టైపింగు పొరపాటని అన్నారు. టైపింగు పొరపాటు వల్ల వరి కాస్తా వరిగ అవుతుందేమో కాని, ద్రాక్ష తోట మొలవదు. మరెక్కడో, ద్రాక్ష పండే ఊరికోసం రాసిన నివేదికను తెచ్చి, ఊరి పేరు మార్చి మనకు అంటగట్టారు. గుణకం కూడా ఆ ఊరిదే. ఆ గుణకమే ఇన్నేళ్లకు ఎన్ని చేతులు మారిందో గాని, ఇవాళ మీ తీర్మానం రెండో పేరాలో కూర్చుంది. కార్యదర్శిగారి తప్పేమీ లేదు; అచ్చయిన అంకెను ఎవరైనా నమ్ముతారు.

గుణకం అంటే ఏమిటో రెండు మాటల్లో చెబుతాను. బయటి మనిషి ఒక రూపాయి తెచ్చి ఇక్కడ ఖర్చుపెడితే, దాన్ని అందుకున్నవాడు కొంత ఇక్కడే ఖర్చుపెడతాడు, కొంత బయటికి పోతుంది. ఇక్కడ మిగిలినదాన్ని అందుకున్నవాడూ అంతే చేస్తాడు. మన రైతుకు ఇది కొత్త కాదు. ఎగువ చేలో తడిపిన నీటిలో కొంత బోదెలో పడి దిగువ చేనికి పారుతుంది, కొంత ఊటగా పోతుంది, కొంత మురుగు కాలువలో కలిసి సముద్రానికి పోతుంది. రిచర్డ్ కాన్ 1931లో, కీన్స్ 1936లో ఈ సంగతినే ఆర్థికశాస్త్రంలో సూత్రబద్ధం చేశారు. లెక్క కూడా తేలికే. అందిన రూపాయిలో 20 పైసలు మళ్లీ ఊళ్లోనే తిరిగితే గుణకం 1.25; 40 పైసలు తిరిగితే 1.67 దాకా వస్తుంది. 2.4 రావాలంటే ప్రతి చేతిలోను, ప్రతి విడతలోను, రూపాయికి 58 పైసలు మన ఊరి ఆదాయంగానే తిరగాలి. మీలో కిరాణా వ్యాపారులు ఎందరో ఉన్నారు. మీ కొట్టులో అమ్మే సబ్బు, నూనె ప్యాకెట్టు, టీపొడి, బిస్కెట్టు మీద వచ్చే వంద రూపాయల్లో మీకు మిగిలే మార్జిను ఎంతో మీ గుండెల మీద చెయ్యి వేసుకుని చెప్పండి. మిగతాదంతా మర్నాటికే ఏ ముంబయికో పోవడం లేదా? రాష్ట్రం మొత్తానికో, దేశం మొత్తానికో లెక్కగట్టిన గుణకం పెద్దగా ఉంటుంది, ఎందుకంటే అంత పెద్ద చెరువు నుంచి నీరు బయటికి పోయే దారులు తక్కువ. చిన్న ఊరికి గండ్లు ఎక్కువ. పెద్ద చెరువు అంకెను తెచ్చి మన గుంటకు పెట్టకూడదు.

మరొక మాయ కూడా ఉంది. అమ్మకాల గుణకం వేరు, ఆదాయాల గుణకం వేరు. ఎగ్జిబిషన్లో బయటి ఊరి వ్యాపారి స్టాలు పెట్టి లక్ష రూపాయల చీరలు అమ్మితే, మన ఊళ్లో లక్ష రూపాయల అమ్మకం జరిగినట్టే. ఆదాయంగా మనకు దక్కింది స్టాలు అద్దె, అతను తిన్న భోజనం, అతను పడుకున్న లాడ్జి గది బాడుగ. మిగతాది అతని మూటలో మన దగ్గర్నుంచే బయటికి పోయింది. అమ్మకాల అంకె పెద్దది కాబట్టి నివేదికలు దాన్నే ఇష్టపడతాయి.

ఎవరిని లెక్కలోకి తీసుకోవాలన్నది గుణకం కంటే పెద్ద ప్రశ్న. టెక్సస్‌లో పనిచేసిన జాన్ క్రాంప్టన్ అనే ఆచార్యుడు 1995లో ఇలాంటి నివేదికల్లో జరిగే పదకొండు రకాల దుర్వినియోగాలను వివరించాడు. ఆయన ఉదాహరణలు క్రీడా ప్రాంగణాలవి. వాటిలో నాకు బాగా నచ్చిన మూడింటిని మన ఊరి మాటల్లో చెబుతాను. మొదటిది, స్థానికులు. పాలకొల్లు మనిషి పాలకొల్లు హాల్లో టిక్కెట్టు కొంటే అది కొత్త డబ్బు కాదు. ఇక్కడ కాకపోతే సినిమాకో, హోటలుకో పెట్టేవాడు. రెండోది, ఎలాగూ వచ్చేవాళ్లు. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. 2015లో వచ్చినట్టే జనం లక్షల్లో వస్తారు, నది కోసం వస్తారు. వారిలో కొందరు హాల్లో జరిగే సభకు తొంగిచూస్తే, వారి ఖర్చంతా హాలు తెచ్చినట్టు రాయకూడదు. మీ తీర్మానం మూడో పేరా సరిగ్గా అదే పని చేసింది, ఒకసారి చూసుకోండి. మూడోది, రాకను ముందుకో వెనక్కో జరుపుకున్నవాళ్లు. అమెరికాలో ఉన్న మన డాక్టరుగారబ్బాయి సంక్రాంతికి ఎలాగూ వస్తాడు. వైద్యుల సదస్సు ఉందని డిసెంబరులోనే వచ్చాడనుకుందాం. అతని టిక్కెట్టు, కారు అద్దె, అత్తవారింటికి కొన్న పూతరేకులు సదస్సు పుట్టించినవి కావు.

ఈ ముగ్గురినీ తీసేశాక మిగిలినవారినే ప్రశ్నలు అడగాలి. ప్రశ్న అడగడం కూడా ఒక విద్యే. ఆ పాత నివేదిక సర్వేలో నా కళ్లముందు జరిగింది చెబుతాను. ఒక రొయ్యల రైతుల సదస్సుకు నలుగురు ఒకే కారులో వచ్చారు. డీజిలు, డ్రైవరు బత్తా కలిపి మూడు వేలయింది. సర్వే చేసే కుర్రవాడు నలుగురినీ విడివిడిగా, ప్రయాణానికి ఎంతయిందని అడిగాడు. నలుగురూ నిజాయితీగా మూడు వేలన్నారు. కాగితం మీద పన్నెండు వేలయింది. పైగా ఆ డీజిలు కొట్టించింది ఏ ఏలూరు దగ్గరో, ఆ డబ్బు సదస్సు జరిగిన ఊరి మొహమే చూడలేదు. మూడు రోజుల సదస్సుకు రోజూ వచ్చిన వెయ్యి మందిని మూడు వేల మందిగా చూపడం మరీ సాధారణం. గేటు దగ్గర లెక్క తలల లెక్క కాదు, రాకల లెక్క. టీ తాగడానికి బయటికి పోయి వచ్చిన ప్రతిసారీ ఆ మనిషి కొత్త మనిషే.

ఇప్పుడు అసలు కథకు వస్తున్నాను. నా పాత విద్యార్థులు నవ్వుకుంటున్నారు, ఈ కథ వారు ఇదివరకే విన్నారు. 2014 వైశాఖంలో మా అమ్మాయి పెళ్లి చేశాను. ఆ పెళ్లి ఖర్చును అణాపైసలతో సహా ఒక ఎర్ర అట్ట చిట్టాలో రాశాను. మామూలుగా రాసే చిట్టాలో ఎవరికి ఎంత ఇచ్చామన్నది ఉంటుంది. నేను దాని పక్కన మరో గడి గీసి, ఆ డబ్బు తర్వాత ఎక్కడికి పోయిందో రాసుకున్నాను. పెళ్లివారింట్లో మండపం కింద కూర్చుని సన్నాయి మేళం పెద్దాయనను, మీరు ఈ డబ్బు ఏం చేస్తారని అడుగుతుంటే మా ఆవిడ నన్ను లేపి లోపలికి తీసుకుపోయింది. అయినా వదలలేదు. పెళ్లయిన నెలరోజులకు సైకిలు మీద తిరిగి మిగతా గళ్లు నింపాను.

చిట్టా ఇదిగో, తెచ్చాను. హాలు అద్దె పక్కన హైదరాబాదు అని ఉంది, ఎందుకంటే యజమాని అక్కడే ఉంటాడు. ఇక్కడ మిగిలింది వాచ్‌మన్ జీతం, తుడిచేవాళ్ల కూలి. స్టేజి డెకరేషను విజయవాడ. గులాబీలు పక్కనే ఉన్న కడియపులంక పూల మార్కెట్టు నుంచి తెచ్చామని గర్వపడ్డాను గాని, అడిగితే అవి అక్కడికి వచ్చింది బెంగళూరు నుంచి. చేమంతి, కనకాంబరం మాత్రం మనవే. ఫొటోలు, వీడియో, ఆల్బం అన్నీ బయటికే. ఇక విస్తళ్లు చూడండి. తెల్లవారుజామున నాలుగింటికి రావులపాలెం వైపు నుంచి తడి గోనెలు కప్పిన అరిటాకుల కట్టలు ఆటోలో దిగాయి. ఆ డబ్బు మొత్తం లంక రైతుకు, ఆకు కోసిన కూలికి, ఆటో అతనికి పోయింది. ఆత్రేయపురం నుంచి తెచ్చిన పూతరేకుల్లో నెయ్యి, బెల్లం ఖరీదు పోను మిగిలింది కుండ మీద రేకు తీసిన ఆడవాళ్ల చేతి పని. కొబ్బరి బొండాలు, మిల్లు బియ్యం, పనసపొట్టు, ఇవన్నీ మన గళ్లలోనే ఉన్నాయి. వంట మేస్త్రి, అతని వెంట వచ్చిన పద్నాలుగు మంది పక్క ఊరివాళ్లే. మేస్త్రి తన వాటాలో ముందుగా కిరాణా కొట్టు బాకీ తీర్చాడు, తర్వాత కూతురి కాలేజీ ఫీజు రాజమండ్రిలో కట్టాడు, మిగిలినదానితో ఇంటికి రెండు పాత కిటికీలు బాగుచేయించాడు. ఆ కిటికీలు బాగుచేసిన వడ్రంగి మా వీధివాడే. నా రూపాయి మూడు చేతులు మారి మళ్లీ మా వీధికి రావడం నేను కళ్లారా చూశాను. అంత సంతోషం పెళ్లిలో కూడా కలగలేదని అంటే మా ఆవిడకు కోపం వస్తుంది.

బంగారం తీసేసి లెక్క చూస్తే, నేను పెట్టిన ప్రతి వంద రూపాయల్లో ఈ ఊరిలోను, చుట్టుపక్కల మండలాల్లోను నిలిచింది మొదటి విడతలో 37 రూపాయలు. ఒక్క పెళ్లి లెక్కను ఊరంతటికీ అంటగడితే నేనూ ద్రాక్ష తోటల మనిషినే అవుతాను. కాని ఒక సంగతి ఆ చిట్టా నాకు నేర్పింది: హంగులకు పెట్టినది దాదాపు అంతా పోయింది, విస్తరిలోకి వచ్చినది చాలావరకు నిలిచింది. మీరు కట్టబోయే సెంటరులో బయటి క్యాటరింగుకు అనుమతి ఉంటుందా, లేక విజయవాడ నుంచో హైదరాబాదు నుంచో వచ్చిన ఒక్క కాంట్రాక్టరుకే వంటశాల అప్పగిస్తారా అన్నది, గోడలకు ఏ రాయి వేస్తారన్నదాని కంటే పదిరెట్లు ముఖ్యం. ఆ ఒక్క షరతుతో మా వంట మేస్త్రి లోపల ఉంటాడో, గేటు బయట ఉంటాడో తేలిపోతుంది.

ఇంతా చేసి నా పెళ్లి ఖర్చు ఊరికి కొత్త డబ్బు కాదు. అది నా ప్రావిడెంట్ ఫండు. నా గాదెలోంచి ఊరి గాదెలోకి పోసిన ధాన్యం. కొత్తగా వచ్చింది మగపెళ్లివారి తరఫున వచ్చిన అరవై మంది లాడ్జీల్లో, కొట్లలో పెట్టిన ఖర్చు మాత్రమే. అయితే న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఇక్కడ తగిన హాలు లేక ఆ పెళ్లి విజయవాడలో చేయవలసి వచ్చి ఉంటే, ఆ 37 రూపాయలు కూడా పోయేవి. అలా పోకుండా నిలుపుకున్నది కూడా సెంటరు ఖాతాలో వేయవలసిందే. ఎందరు నిజంగా బయటికి పోతున్నారో అడిగి తెలుసుకున్నాకనే వేయాలి.

ఈ మాటకే ఇంకో మాట. హాలుకు అధిపతి యజమాని కాదు, పంచాంగం. మాఘ ఫాల్గుణాల్లో ముహూర్తాలు తన్నుకొస్తాయి. ఆషాఢంలో, మూఢంలో హాళ్లు బూజు పడతాయి. సదస్సులవాళ్లు కూడా ఎండలు, వానలు లేని కాలమే అడుగుతారు. మాఘంలో సదస్సుకు హాలిస్తే ఒక పెళ్లి పక్క ఊరికి పోతుంది. అప్పుడు వచ్చినదాంట్లోంచి పోయినదాన్ని తీసివేయాలి. ఆషాఢంలో వచ్చిన సదస్సు మాత్రం దాదాపు మొత్తం లాభమే. గదుల సంగతీ అంతే. సంక్రాంతి మూడు రోజులు భీమవరంలో గది దొరకాలంటే ఎంత పలుకుబడి కావాలో మీకు తెలుసు. ఆ వారంలో సదస్సు పెడితే వచ్చినవాళ్లు గదులు నింపరు, గదుల్లోంచి ఇంకొకరిని వెళ్లగొడతారు.

హైదరాబాదు అంతర్జాతీయ కన్వెన్షన్ సెంటరు 2006లో తెరిచారు, ఆ ఏడే ఆసియా అభివృద్ధి బ్యాంకు వార్షిక సమావేశం అక్కడ జరిగింది. 2012లో జీవవైవిధ్య సదస్సు, 2017లో పారిశ్రామికవేత్తల శిఖరాగ్ర సదస్సు జరిగాయి. మనకూ అలా వస్తాయని తీర్మానంలో ఆశపడ్డారు. హైదరాబాదుకు సెంటరు రాకముందే నగరం ఉంది, విమానాలున్నాయి, ఐటీ కంపెనీలున్నాయి. అందరూ కట్టుకుంటూ పోతే ఏమవుతుందో అమెరికా చూసింది. బ్రూకింగ్స్ అనే పరిశోధన సంస్థ కోసం హేవుడ్ శాండర్స్ అనే ఆచార్యుడు 2005లో రాసిన నివేదిక ప్రకారం, 1990 తర్వాత అక్కడ కన్వెన్షన్ స్థలం సగానికి పైగా పెరిగింది. అతిపెద్ద రెండు వందల వాణిజ్య ప్రదర్శనలకు వచ్చిన జనం మాత్రం 1993 నాటి స్థాయిలోనే ఉండిపోయారు. ఒకే చెరువులో చేపలకు వలలు మాత్రమే పెరిగాయి. రాజమండ్రి, కాకినాడ, భీమవరం, అమలాపురం తలా ఒకటి కట్టుకుంటే మనకూ అదే జరుగుతుంది.

కట్టేటప్పుడు కూలీలకు పని దొరుకుతుందన్న వాదన కూడా తీర్మానంలో ఉంది. దొరుకుతుంది. అదే డబ్బుతో మురుగు కాలువల పూడిక తీయించినా దొరుకుతుంది, పైగా శివారు చేలు మునగకుండా ఉంటాయి. కట్టుబడి ఖర్చు ఖర్చే, దాన్ని లాభాల గడిలో రాయకూడదు. హాలు అద్దె మీద వచ్చే జీఎస్టీ కేంద్రానికీ రాష్ట్రానికీ పోతుంది. మన మునిసిపాలిటీకి నేరుగా మిగిలేది ఆస్తి పన్నూ, మర్నాటి ఉదయం ఎంగిలి విస్తళ్లూ.

అందువల్ల అధ్యక్షులవారిని కోరేది ఇది. తీర్మానం వద్దనను. రెండో పేరాలో 2.4ను, మూడో పేరాలో పుష్కరాల జనాన్ని కొట్టివేయించండి. వాటి స్థానంలో, శంకుస్థాపనకు ముందు ఒక నిండు సంవత్సరం ఈ పట్టణంలో లెక్క రాయాలని చేర్చండి. ఏ లాడ్జిలో ఏ తిథికి ఎన్ని గదులు నిండాయి, ఏ హాలు ఎన్ని రోజులు ఖాళీగా ఉంది, ఏ పెళ్లి ఎందుకు పొరుగూరికి పోయింది, అంతే. హోటళ్ల యజమానులారా, మీ రిజిస్టర్లలో ఇదంతా ఇప్పటికే ఉంది. పేర్లు అక్కర్లేదు, అంకెలు ఇవ్వండి చాలు. రాసేవాళ్లు దొరకరంటారేమో, నేను రాస్తాను. వెనక వరసవాళ్లు కూడా రాస్తారు, వాళ్ల చేతిరాత నాకు తెలుసు.

ఇప్పుడే మొదలుపెడదాం. బయట గుమ్మం దగ్గర నా పాత విద్యార్థులిద్దరు కాగితాలు పట్టుకుని నిలబడతారు. ఈ సభ కోసమే పొరుగూరి నుంచి వచ్చినవారు ఎవరో, వేరే పని మీద వచ్చి ఇటు తొంగిచూసినవారు ఎవరో నిజం చెప్పండి. ఒకే కారులో వచ్చినవారు ఒక్కరే జవాబివ్వండి. టీకి వెళ్లి మళ్లీ లోపలికి వచ్చేవారు దయచేసి రెండోసారి చెప్పకండి.